కుడి భుజం వెనక గంటస్తంభం

మా తెనాలివాళ్ళకు ఉత్తరాంధ్ర అంటే విశాఖపట్నమే. వెళ్తాం, పాంటు మడిచి సముద్రంలో నిలబడి ఫోటో తీయించుకుంటాం, సింహాచలం కొండెక్కి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం. దానికి అవతల కూడా పట్టాలున్నాయని, ఊళ్ళున్నాయని మాలో చాలామంది పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. అరవై రెండేళ్ళు వచ్చాక, రాష్ట్రం విడిపోయిన రెండో ఏడు మాఘమాసంలో, మా అత్తగారి చెయ్యి పట్టుకుని అయిదు రోజులు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిరిగాను. అందులో మూడున్నర రోజులు తప్పు దారిలో తిరిగాం. తప్పెవరిదో చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించే ఓపిక నాకు లేదు. నాదే. ఎలా చేశానో మాత్రం వరసలో చెబుతాను.

కవరులో మూడు ఫోటోలు

మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. పుట్టింది విజయనగరంలో. అయిదో ఏట తల్లి పోయింది. తండ్రి కొత్తవలస స్టేషన్లో గుమాస్తా, విజయనగరం నుంచి రోజూ రైల్లో వెళ్ళొచ్చేవాడు. భార్య పోయాక ఆ ఊళ్ళో ఉండలేక, ఉద్యోగం మానేసి, పిల్లను చంకనేసుకుని తెనాలి వచ్చి రైసు మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరాడు. ఇక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ తరవాత ఆ తండ్రీకూతుళ్ళు విజయనగరం ముఖం చూడలేదు. తల్లివైపు వాళ్ళు రాజాం దగ్గర ఏదో పల్లెలో రైతులని తెలుసు, పల్లె పేరు తెలియదు. మిగిలింది ఒక కవరు, అందులో మూడు ఫోటోలు. ఒకదాంట్లో తండ్రి కొత్తవలస ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. ఇంకోదాంట్లో శ్రీకాకుళంలో నాగావళి ఇసుకలో నిలబడి ఉన్నాడు. మూడోదాంట్లో తల్లి, ఇంటి అరుగు మీద, నాలుగేళ్ళ పిల్లను పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. ఇంటి పెంకుల కప్పు వెనక ఒక పక్కన గంటస్తంభం తల కనిపిస్తుంది. పక్కింటి మేడ పిట్టగోడ మీద సున్నంతో చేసిన నెమలి ఒకటి మెడ వెనక్కి తిప్పి చూస్తూ ఉంటుంది.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక గుంటూరు డాక్టరు మా అత్తగారి కళ్ళు చూసి నీటికాసులన్నాడు. పక్క చూపు అప్పటికే పోయింది, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం కనిపిస్తుంది. అదీ ఇంకో ఏడాదో, ఏడాదిన్నరో అన్నాడు. ఇంటికి వచ్చాక ఆవిడ కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి నన్ను ఒకటి అడిగింది.

"అల్లుడుగారూ, చూపుండగా మా అమ్మ నిలబడ్డ చోట ఒక్కసారి నిలబడాలని ఉంది."

నేను వెంటనే సరేనన్నాను. అక్కడిదాకా మంచివాణ్ణే. ఆ తరవాత నా తెలివి బయటపెట్టాను.

ముప్పై ఏళ్ళు తెనాలిలో ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి నేను. సెల్‌ఫోన్లు వచ్చి షట్టరు దింపించాయి గానీ, ఫోటో కనిపిస్తే భూతద్దం తియ్యకుండా ఉండలేను. మూడో ఫోటో మీద భూతద్దం పెట్టి చూద్దును కదా, ఆ తల్లి పైట కుడి భుజం మీద ఉంది. ఆడవాళ్ళ పైట ఎడమ భుజం మీద ఉంటుంది. మా అమ్మకు అలాగే ఉండేది, నా భార్యకు అలాగే ఉంటుంది, నా స్టూడియో మెట్లెక్కిన వేలమందికీ అలాగే ఉండేది. కాబట్టి ఆ కాలపు ఫోటోగ్రాఫరు డార్క్ రూములో నెగటివు బోర్లా పెట్టి ప్రింటు వేశాడని, కుడి ఎడమలు తారుమారయ్యాయని తేల్చేశాను. ఒకే కవరు, ఒకే చెయ్యి, మూడూ అంతే అయి ఉంటాయి. కంప్యూటరు షాపుకు తీసుకెళ్ళి మూడింటినీ తిరగేయించి, పెద్దవి చేయించి, లామినేషను చేయించాను. మూడొందల యాభై అయింది. అసలువి పాడవకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

మా ఆవిడ మాత్రం, వెనకటికి ఒక పెళ్ళి ఆల్బంలో పెళ్ళికొడుకు చేత ఎడమ చేత్తో భోజనం చేయించింది మీరే కదా అని గుర్తు చేసింది. ఆ అనుభవంతోనే చెబుతున్నానన్నాను. మా అత్తగారు నా మాట నమ్మింది. స్టూడియో నడిపిన అల్లుడి మాట నమ్మక ఎవరి మాట నమ్ముతుంది?

కొత్తవలస

తెల్లారేసరికి కొత్తవలసలో దిగాం. కిరండూలు నుంచి వచ్చే లైను ఇక్కడ కలుస్తుంది, ఇనుపరాయి మోసే గూడ్సుబండి ఒకటి మేము ఇడ్లీ తినడం మొదలుపెట్టినప్పుడు కదిలి, చెయ్యి కడుక్కున్నాక కూడా పోతూనే ఉంది. ప్లేటు ఇరవై రూపాయలు, నాలుగిడ్లీలు. మా వైపు అయితే ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి పడాలి. ఇక్కడ పల్చటి చట్నీ పోసి, తక్కువైతే అడగకుండానే మళ్ళీ పోశారు.

ఫోటోలో ఉన్న పెంకుల షెడ్డు లేదు, చెక్క బెంచీ లేదు. మిగిలింది వెనకనున్న కొండ. కొండను ఎవరూ పడగొట్టలేరు కదా. తీరా చూస్తే ఫోటోలో కుడి పక్క ఉన్న కొండ మాకు ఎడమ పక్క కనిపించింది. నేను కాసేపు ఆలోచించి, స్టేషనునే పట్టాలకు ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చి ఉంటారని మా అత్తగారికి వివరించాను. రైల్వేవాళ్ళు ఏమైనా చేయగలరని ఆవిడ ఒప్పుకుంది. తండ్రి నిలబడ్డ చోటని నేను చూపించిన చోట నిలబడి, సిమెంటు నేలను అరచేత్తో తాకి కళ్ళకద్దుకుంది. ఆ చోటు కూడా తప్పేనని ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

విజయనగరం

రెండో రోజు విజయనగరం. స్టేషను దగ్గర ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు అప్పలరాజు, నలభై ఏళ్ళుంటాయి. మా తెనాలిలో ఆటోవాణ్ణి ఫలానా చోటికి ఎంత అంటే ఒక అంకె చెబుతాడు. ఇక్కడ ముందు మాది ఏ ఊరు, ఆవిడ నాకేమవుతుంది, ఏం పని మీద వచ్చాం, భోజనాలయ్యాయా, ఇవన్నీ తేలాకే అంకె వచ్చింది. సంగతంతా విన్నాక ఆ అంకె కూడా తగ్గించేశాడు. రోజంతా తిప్పి మూడొందలకు మించి తీసుకోనన్నాడు.

లెక్క నేను ముందే కట్టి పెట్టుకున్నాను. సాయంత్రపు ఎండ అరుగు మీద పడేదని మా అత్తగారికి లీలగా గుర్తు, కాబట్టి అది పడమటి ముఖం ఇల్లు. నా లామినేషను ఫోటోలో గంటస్తంభం ఆ తల్లి ఎడమ భుజం వెనక ఉంది. పడమరకు తిరిగి నిలబడితే ఎడమచెయ్యి దక్షిణం. అంటే గంటస్తంభం ఇంటికి దక్షిణాన ఉండాలి, ఇల్లు గంటస్తంభానికి ఉత్తరాన ఉండాలి. అప్పలరాజు ఫోటో పట్టుకుని దక్షిణం వైపు కూడా ఒకసారి చూద్దామా అన్నాడు. అవసరం లేదు, నువ్వు నడుపు అన్నాను.

ఉత్తరపు వీధులన్నీ తిరిగాం. పెంకుటిళ్ళున్న చోట సెల్ టవర్లు, బంగారం తాకట్టు ఆఫీసులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఫోటో చేతిలో ఉంటే ఊళ్ళో నడవడం చిత్రంగా ఉంటుంది. ఎదురుగా ఉన్న మేడ మీద నుంచి చూపు జారి, అక్కడ లేని అరుగు కోసం వెతుకుతుంది. గంటస్తంభం దగ్గర టీ కొట్టులో ఆరు రూపాయల టీ తాగుతూ ఫోటో చూపించాం. టీ అయ్యేలోపు ఆ ఇల్లు ఊళ్ళో నాలుగు చోట్ల ఉన్నట్టు తేలింది. ఒకాయన అది తన తాతగారి ఇల్లేనన్నాడు. పక్కాయన, మీ తాతకు ఇల్లెక్కడిది మావా, మా అరుగు మీదే కదా పడుకునేవాడు అన్నాడు. వాళ్ళిద్దరినీ అక్కడే వదిలేసి భోజనానికి వెళ్ళాం.

భోజనం డెబ్భై రూపాయలు. ఆవపెట్టిన పనసపొట్టు కూర బాగుంది. పులుసులో మాత్రం బెల్లం. నేను సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీశాను. వడ్డించే మనిషి ఆ ఎరుపు చూసి, దగ్గర్లో ఆసుపత్రి ఉంది లెండి, పరవాలేదన్నాడు. డెబ్భై ఏళ్ళుగా తెనాలి కారం తింటున్న మా అత్తగారు ఆ బెల్లం పులుసు రెండుసార్లు పోయించుకుంది. తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"అల్లుడుగారూ, మా అమ్మ నన్ను అరుగు మీద కూచోపెట్టి అన్నం పెట్టేది. అప్పుడు గంట మోగితే ఈ చేతివైపు నుంచి వినపడేది. ఈ అన్నం తినే చేతివైపు."

అంటే కుడివైపు. నా ఫోటో ఎడమవైపంటోంది. "చిన్నప్పుడు మీరు ఎడమ చేత్తో తినేవారేమో అత్తయ్యగారూ," అన్నాను. పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు. ఆవిడా నవ్వింది. తరవాత పెరుగు వద్దంది.

శ్రీకాకుళం

మూడో రోజు బస్సెక్కి శ్రీకాకుళం. అరసవల్లి వెళ్ళారా అని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, వెళ్ళాం. కళ్ళకు మంచిదంటారు. మా అత్తగారు సూర్యనారాయణమూర్తికి ఏం మొక్కుకుందో నాకు చెప్పలేదు.

నాగావళి ఫోటోలో తండ్రి వెనక నది, ఒక ఒడ్డున ఇళ్ళ వరస, ఇంకో ఒడ్డున తాటిచెట్లు. ఇసుక గట్టు మీద ఒక ముసలాయన ఉడకబెట్టిన తేగలు ముందు పోసుకుని కూచున్నాడు. కట్ట పది రూపాయలు. ఫోటో చేతికిస్తే దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఇదేటి బాబూ, ఊరు అవతల గట్టునున్నాది? నాను పుట్టిందగ్గర్నుంచి ఊరు ఇటే ఉన్నాది."

అటు తిరిగి తీస్తే ఇలా వస్తుంది, ఇటు తిరిగి తీస్తే అలా వస్తుంది, కెమెరా సంగతులు మీకు తెలియవు పెద్దాయనా అన్నాను. ఆయన ఇంకో తేగ ఒలిచి మా అత్తగారికిచ్చాడు. నేను ఫోటో తీసినవాడు నిలబడ్డ చోటు పట్టుకుందామని ఇసుకలో చాలా దూరం నడిచాను. ఎటు తిరిగినా ఇళ్ళూ తాటిచెట్లూ నా ఫోటోలో ఉన్నట్టు కుదరలేదు. తడి ఇసుకలో కాలు దిగబడి కుడి చెప్పు లోపలే ఉండిపోయింది. ఒంటి చెప్పుతో తిరిగొచ్చేసరికి ముసలాయన నా కాళ్ళ వైపు చూసి, నాగావళికి సెప్పు సమర్పించీసినారా అన్నాడు.

మా అత్తగారు నవ్వలేదు. తేగ చేతిలో అలాగే ఉంది.

"మా అమ్మ మొహం నాకు గుర్తు లేదు. గొంతు గుర్తు లేదు. ఆ గంట ఇటు నుంచి వినపడేదని, అదొక్కటే గుర్తు. అదీ తప్పేనంటే, మా అమ్మ గురించి నాకు తెలిసింది ఏమీ లేనట్టే కదా అల్లుడుగారూ."

అయిదేళ్ళ పిల్ల జ్ఞాపకం మీద ఆధారపడలేం అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆ ఒక్క మాట అనకుండా ఆపుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

రాజాం

విజయనగరంలో దొరకలేదు, శ్రీకాకుళంలో కుదరలేదు. కనీసం తల్లి పుట్టిన నేలన్నా చూద్దామని నాలుగో రోజు రాజాం బస్సెక్కాం. పల్లె పేరు తెలియదు గనక రాజాం చూస్తే చాలంది. వడ్ల బస్తాల లారీలు, కాలేజీ బస్సులు, ఒకదాన్నొకటి ఆనుకుని కొట్లు. మా తెనాలి బజారు కంటే సందడిగా ఉంది, ఈ మాట ఊళ్ళో అనకండి. బస్సు దిగేటప్పుడు సీటు అంచున ఊడిన రేకు తగులుకుని మా అత్తగారి చీర జానెడు చిరిగింది. ఎదురుగా కనిపించిన బట్టల కొట్లోకి వెళ్ళాం.

వ్యాపారి యాభై ఏళ్ళ మనిషి. తాతల నాటి కొట్టు, తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూచుని, మమ్మల్ని కూచోమని ముందు మంచినీళ్ళిప్పించాడు. గోడకు నిలువెత్తు అద్దం ఉంది. మాకంటే ముందొచ్చిన ఒక పెద్దావిడ నీలం చీర భుజాన వేసుకుని ఆ అద్దంలో చూసుకుంటోంది. అద్దంలో ఆవిడ పైట ఎడమ భుజం మీద ఉంది. నాకు తేడా ఏమీ తోచలేదు. అంతలో ఆవిడ ధర అడగడానికి వ్యాపారి వైపు తిరిగింది. మనిషి తిరిగితే పైట కుడి భుజం మీద ఉంది. కొత్త చీరే కాదు, లోపల కట్టుకున్న పాత చీర పైట కూడా కుడి భుజం మీదే ఉంది.

నేను మళ్ళీ అద్దంలోకి చూశాను. మళ్ళీ ఆవిడను చూశాను. ఆవిడ పైట కుడివైపు వేసుకున్నారేం అని వ్యాపారిని మెల్లగా అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"కుడిపైటండి. ఈ సుట్టుపక్కల రైతుల ఇళ్ళల్లో ముసలోలందరిదీ కుడిపైటే. ఇప్పటి పిల్లగుంటలు మానీసినారు గానీ, మా తాతల కాలంలోనైతే పైట సూసి ఎవరింటి మనిషో సెప్పీసీవోరు."

ముప్పై ఏళ్ళ స్టూడియో నా నెత్తిన కూలింది. సంచిలోంచి లామినేషను ఫోటో తీసి, లేచి వెళ్ళి అద్దానికి ఎదురుగా పట్టుకున్నాను. అద్దంలో ఆ తల్లి పైట కుడి భుజం మీదికి వెళ్ళింది. గంటస్తంభం కూడా దానితోపాటే కుడి భుజం వెనక్కి వెళ్ళింది. బీరువాలో తాళం వేసి వచ్చిన అసలు ఫోటో ఎలా ఉందో అలాగే ఉంది. డెబ్భై ఏళ్ళ కిందటి ఫోటోగ్రాఫరు ఏ తప్పూ చెయ్యలేదు. తిరగేసింది నేను.

అందరి ముందూ మా అత్తగారికి చెప్పేశాను. మీ అమ్మ పైట అసలు కుడివైపే, నేను తప్పనుకుని తిప్పించాను, మీ గంట కుడివైపే మోగింది, మీకు గుర్తున్నది నిజం అన్నాను. నీలం చీర పెద్దావిడ దగ్గరికి వచ్చింది. పేరు పైడమ్మట, అయిదు మైళ్ళ అవతల పల్లెట. సంగతంతా విని మా అత్తగారి గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది.

"మీ యమ్మ మా మనిషేనమ్మా. ఈ ఎడంపైట నీకెవులు ఏసినారు?"

"నాకెవరూ చెప్పేవాళ్ళు లేకపోయారు," అంది మా అత్తగారు. అని ఏడ్చేసింది. అయిదో ఏట నుంచీ అలాగే చూస్తున్న ఫోటో, అమ్మంటే అలాగే ఉంటుందనుకుంది గానీ ఎందుకలా ఉందని ఎప్పుడూ అడగలేదట. పైడమ్మ ఆవిడను అద్దం ముందు నిలబెట్టి, నాలుగొందల యాభై రూపాయల నేత చీర ఒకటి ఎంచి, కుచ్చెళ్ళు ఎటు పెట్టాలో, కొంగు ఎటు తిప్పి కుడి భుజం మీద వెయ్యాలో రెండుసార్లు వేసి చూపించింది. మేము మగవాళ్ళం వీధిలోకొచ్చి నిలబడ్డాం. వ్యాపారి నాకు టీ ఇప్పించి, మీ కాడ స్టూడియో బాగా నడిసీదా అని అడిగాడు. వెటకారమో కాదో తెలియలేదు. బాగానే నడిచేదన్నాను.

బయటికి వచ్చేటప్పటికి మా అత్తగారు మళ్ళీ ఎడంపైటే వేసుకుని ఉంది. ఈ వయసులో బస్సులో సిగ్గేస్తుందంది.

గరివిడి

విజయనగరం బస్సులో ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చీపురుపల్లి దాటింది, మాట లేదు. నేను కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ, ఇంటికెళ్ళాక మా ఆవిడకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. గరివిడిలో ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించే చోట బస్సు ఆగింది. అప్పుడు ఆవిడ మెల్లగా నా వైపు వంగింది.

"అల్లుడుగారూ, ముప్పై ఏళ్ళలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళను తిరగేసి ఉంటారు?"

ఒక్కడే, అదీ పెళ్ళికొడుకు అన్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి విజయనగరం దాకా ఆపలేదు. కండక్టరు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నా ప్రాణం కుదుటపడింది.

మళ్ళీ విజయనగరం

అయిదో రోజు పొద్దున్నే అప్పలరాజు లాడ్జి ముందుకు వచ్చాడు. సంగతి చెప్పాను. అతను దక్షిణం వైపు అని నాకు గుర్తు చెయ్యలేదు, ఆటో మాత్రం దక్షిణానికి తిప్పి పెట్టుకుని ఉంచాడు.

గంటస్తంభం వెనక వదిలి పడమటి ముఖం వరస పట్టుకుని నడిచాం. మందుల కొట్టు, బేకరీ, చెప్పుల కొట్టు. నెమలి కోసం నేను పిట్టగోడలన్నీ చూస్తున్నాను. అన్నిటి మీదా ఫ్లెక్సీలు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగాం. అప్పలరాజు మేడల వెనక సందుల్లో కూడా చూసి వచ్చాడు. నాకు మళ్ళీ భయం పట్టుకుంది, ఇక దొరకదేమోనని. మా అత్తగారు కాళ్ళు లాగి ఒక చోట ఆగిపోయి, తల ఎత్తి ఒకే చోటికి చూస్తోంది.

"ఆ నల్ల నీళ్ళ ట్యాంకు కింద ఏంటది?"

పక్కలు కనిపించని మనిషి, ఎదురుగా ఉన్నదాన్ని మాత్రం మాకంటే బాగా చూసింది. ట్యాంకు నీడలో, ఫ్లెక్సీ కట్టిన తాడు మెడకు చుట్టుకుని, సున్నపు నెమలి. ముక్కు విరిగిపోయింది, తోక సగమే ఉంది. మెడ మాత్రం వెనక్కి తిప్పే ఉంది. అప్పలరాజు, ఓలమ్మ, రోజూ దీని కిందనుంచే ఎల్తన్నాను అన్నాడు.

నెమలికి ఇవతల, పెంకుటిల్లు ఉండాల్సిన చోట ఒక జిరాక్స్ షాపు. నడుపుతున్న అమ్మాయికి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫోటో చూపించి అడిగితే, వాళ్ళ మామగారు ఇక్కడ పాత పెంకుటిల్లు కొని పడగొట్టి కట్టారని, ఇది రైలు గుమాస్తా గారి ఇల్లని ఆయన అంటూ ఉండేవారని చెప్పింది. మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ అమ్మాయి లామినేషను ఫోటోలో గంటస్తంభం ఏ పక్కనుందో చూసి, ఇది తిరగబడి ఉన్నాది కదండి, సరిసేసి ఇచ్చీమంటారా అంది. కంప్యూటరులో ఒక నొక్కు నొక్కి ప్రింటు తీసి అయిదు రూపాయలు తీసుకుంది. తెనాలిలో నేను పెట్టిన మూడొందల యాభై గురించి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

అరుగు ఎప్పుడో రోడ్డు కింద కలిసిపోయింది. ఫోటో చూసుకుంటూ, నెమలినీ గంటస్తంభాన్నీ లెక్క కట్టుకుంటూ నేను నాలుగడుగులు అటూ ఇటూ వేసి చోటు గుర్తుపట్టాను. ఇప్పుడది మురుగు కాలువ మీద పరిచిన సిమెంటు పలక. ఇక్కడే అత్తయ్యగారూ అన్నాను. ఆవిడ చెప్పులు విడిచి ఆ పలక మీదికి ఎక్కి, పడమరకు తిరిగి నిలబడింది. స్కూటర్లు పోతున్నాయి, జిరాక్స్ మిషను చప్పుడు చేస్తోంది. గంటేమీ మోగలేదు. పక్క చూపు లేదు గనక గంటస్తంభం ఆవిడకు కనిపించే వీలు లేదు. తల తిప్పి చూస్తుందేమో అనుకున్నాను. తిప్పలేదు. కుడిచెయ్యి ఎత్తి భుజం మీదుగా వెనక్కి చూపించింది.

"ఇటే కదూ?"

"అటే," అన్నాను. సరిగ్గా ఆవిడ వేలు చూపించిన వైపే ఉంది.

"చూశారా, నాకు గుర్తుంది," అంది. అప్పలరాజు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోకుండానే ఏడ్చాను.

సెల్‌ఫోన్‌లో ఫోటో తీస్తానన్నాను. ఒక్క నిమిషం ఆగమని, సంచి తీసుకుని, జిరాక్స్ అమ్మాయిని పిలిచి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పటికి రాజాం చీర కట్టుకుని ఉంది. పైట కుడి భుజం మీద ఉంది. నడిరోడ్డు పక్కన, అంతమందిలో, ఈసారి ఆవిడకు సిగ్గనిపించినట్టు లేదు.

ఆ ఫోటో ఇప్పుడు మా ముందు గదిలో, తల్లి ఫోటో పక్కన ఉంది. వచ్చినవాళ్ళలో సగంమంది చూసి, ఇన్నేళ్ళు స్టూడియో నడిపి ఇదేంటండీ, ప్రింటు తిరగబడింది కదా అంటారు. నేను కాఫీ గ్లాసులోకి చూసుకుంటూ ఊరుకుంటాను. ఈమధ్య మా అత్తగారికి ఆ ఫోటోలు కూడా మసకే. అయినా లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, ముందు తల్లి భుజం మీద వేలు పెడుతుంది, తరవాత తన భుజం మీద పెడుతుంది.

"తిరగబడలేదు నాయనా," అంటుంది. "మా ఇంట్లో అందరిదీ ఇటే."